‘గ్రేటెస్ట్ హిట్స్’ కొనాలా, అసలు ఆల్బమ్‌లే కొనాలా?

ప్రశ్న: రెండేళ్లుగా పాత రాక్, సోల్, రెగే సంగీతం శ్రద్ధగా వింటున్నాను. ఫోనులో వినడంతో తృప్తి చాలక, నచ్చిన కళాకారుల డిస్కులు ఒక్కొక్కటిగా కొని దాచుకోవడం మొదలుపెట్టాను. నెలకు ఒకటికి మించి కొనే శక్తి నాకు లేదు. అందుకని ఒక్కొక్కరివి ‘గ్రేటెస్ట్ హిట్స్’, అంటే పేరుపడ్డ పాటలను ఏరి కూర్చిన ఆల్బమ్‌లు, కొంటే సరిపోతుందని అనుకున్నాను. అవి సంగీతం తెలియనివారి కోసం కంపెనీలు కట్టిన మూటలనీ, నిజమైన అభిమాని వాటి జోలికి పోడనీ నా మిత్రుడు అంటున్నాడు. ఆ మాట విన్నాక చేతిలోకి తీసుకున్న డిస్కును కూడా తిరిగి పెట్టేసి వచ్చాను. మరొక సందేహం కూడా ఉంది. నాకు ఎంతో ఇష్టమైన ఒక బృందం ఆల్బమ్‌లు మూడు ఇప్పటికే నా దగ్గర ఉన్నాయి. రెండు కొత్త పాటలను చేర్చుకుని వారి హిట్ పాటల సంకలనం ఒకటి వెలువడింది. దాన్ని కొనడం దండగేనా?

సమాధానం: మీరు తిరిగి పెట్టేసి వచ్చిన ఆ డిస్కు ఎవరిదో ఉత్తరంలో రాయలేదు. రాసి ఉంటే నా జవాబు రెండు మూడు వాక్యాల్లో ముగిసేది, ఎందుకంటే ఒక సంకలనం కొనదగినదా కాదా అన్నది ఆ కళాకారుడు తన పాటలను మొదట ఏ రూపంలో లోకానికి అందించాడన్న దానిని బట్టి తేలుతుంది. ఈ ఒక్క సంగతిని పట్టించుకోకుండా సంకలనాలన్నిటినీ మెచ్చుకునేవారూ, అన్నిటినీ తీసిపారేసే మీ మిత్రుడూ ఒకే పొరపాటు చేస్తున్నారని నేను అనుకుంటున్నాను.

మన శతకాలనే తీసుకోండి. శతకంలోని పద్యం దేనికదే పూర్తి. ఎక్కడ తెరిచి ఏ పద్యం చదువుకున్నా దానికి ముందూ వెనకా ఉన్న పద్యాలతో పని ఉండదు. కావ్యంలోని పద్యం అలాంటిది కాదు. దాని అందంలో సగం కథలో అది వచ్చిన చోటునుంచి పుడుతుంది. పాటల్లోనూ ఈ రెండు జాతులు ఉన్నాయి. 1948లో చాలా పాటలు పట్టే ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డు రాకముందు, ఒక వైపున మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పట్టే, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు రాజ్యమేలిన కాలంలో, పాట అంటే విడి పాటే. 1949లో 45 చుట్ల చిన్న రికార్డు వచ్చాక కూడా మరో పదిహేనేళ్ల పాటు రాక్ అండ్ రోల్, సోల్, కంట్రీ గాయకులలో చాలామంది ‘సింగిల్’ను, అంటే ఒక్కో వైపున ఒక్కో పాట ఉండే చిన్న రికార్డును, దృష్టిలో ఉంచుకునే పాడారు. వారి పేరుతో వచ్చిన ఎల్పీలలో తరచుగా రెండు మూడు హిట్లు ఉండేవి, మిగిలిన చోటు భర్తీకోసం హడావిడిగా పాడించిన పాటలతో నిండేది. అలాంటి కళాకారుడి విషయంలో సంకలనమే ఆయన అసలు గ్రంథం. చక్ బెర్రీ 1955 నుంచి 1965 వరకు చేసిన రికార్డుల నుంచి 28 పాటలను ఏరి, 1982లో ‘ది గ్రేట్ ట్వెంటీ ఎయిట్’ అనే పేరుతో విడుదల చేశారు. ఆయన సంగీతం తెలుసుకోగోరే మనిషిని ఆయన విడి ఎల్పీలన్నీ వెతికి కొనమని చెప్పడం నా దృష్టిలో అన్యాయం. ఆ 28 పాటలు వింటే రాక్ గిటారు ఏ దారిన నడిచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇంకా వెనక్కి వెళితే రాబర్ట్ జాన్సన్ ఉన్నాడు. ఈ బ్లూస్ గాయకుడు 1936లోనూ 1937లోనూ 29 పాటలు రికార్డు చేసి, 1938లో మరణించాడు. ఆయన జీవించి ఉన్నప్పుడు ఆయనకు ఆల్బమ్ అనేదే లేదు. 1961లో 16 పాటలతో ఒక సంకలనం వచ్చిన తరువాతే ఎరిక్ క్లాప్టన్ తరం గిటారిస్టులు ఆయనను గురువుగా తలకెత్తుకున్నారు. హిట్లు కాని పాటలను కూడా సంకలనం ఎలా బతికించగలదో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. సంకలనాల జోలికి పోనివాడే నిజమైన అభిమాని అయితే, ఆ తరం గిటారిస్టులలో ఒక్కరినీ అభిమాని అనలేము.

ఆల్బమ్‌లకు పేరు పడ్డవారి విషయంలో కూడా సంకలనం తప్పనిసరి అయ్యే సందర్భాలున్నాయి. సింగిల్‌గా విడుదల చేసిన పాటను మళ్లీ ఆల్బమ్‌లో చేర్చి శ్రోత చేత రెండుసార్లు కొనిపించకూడదన్న పద్ధతి అరవైలలో బ్రిటన్‌లో బలంగా ఉండేది. అందువల్ల బీటిల్స్ ఆల్బమ్‌లన్నీ వరుసగా కొని పెట్టుకున్నా వారి ప్రసిద్ధ పాటల్లో కొన్ని మీ దగ్గర ఉండవు. ఆ లోటు పూడ్చడానికే 1988లో ‘పాస్ట్ మాస్టర్స్’ రెండు సంపుటాలుగా వచ్చింది. బాబ్ డిలన్ 1965లో సింగిల్‌గా విడుదల చేసిన ‘పాజిటివ్లీ ఫోర్త్ స్ట్రీట్’ ఆయన స్టూడియో ఆల్బమ్‌లలో దేనిలోనూ లేదు. అది మొదటిసారి ఎల్పీలోకి ఎక్కింది 1967 నాటి ‘గ్రేటెస్ట్ హిట్స్’తోనే. మీ మిత్రుడి సూత్రాన్ని అక్షరాలా పాటించే డిలన్ అభిమానికి ఆ పాట చాలాకాలం అందకుండానే పోయేది.

ఇక కావ్యంవంటి ఆల్బమ్‌ల సంగతి. పింక్ ఫ్లాయిడ్ 1973లో చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’లో చాలాచోట్ల ఒక పాట ముగింపు మరొక పాట మొదలులో కలిసిపోతుంది; మొదట్లో వినిపించిన గుండె చప్పుడు చివర మళ్లీ తిరిగి వస్తుంది. దానినుంచి ఒక పాటను కోసి తీస్తే రెండు వైపులా దారాలు వేలాడతాయి. అదే బృందం 2001లో ‘ఎకోస్’ అనే సంకలనం వేసినప్పుడు 26 పాటలను రెండు సీడీలలో కుదించవలసి వచ్చి, మొదట 23 నిమిషాలకు పైగా సాగిన ఒక రచనను 16 నిమిషాల పైచిలుకుకు తగ్గించారు. ఆ అతుకులు ఎంతో నేర్పుగా వేశారని ఒప్పుకుంటాను. అయినా ఆ రచన గొప్పతనమంతా అది తొందరపడకుండా నెమ్మదిగా తెరుచుకోవడంలోనే ఉంది కాబట్టి, నిమిషాలు తగ్గించడమంటే నా లెక్కలో దాని ప్రాణాన్ని తగ్గించడమే. ఇలాంటి బృందం విషయంలో మీ నెలకొక డిస్కును సంకలనం మీద ఖర్చు పెట్టవద్దు. అసలు ఆల్బమ్ ఒక్కటి కొనుక్కుని, అంతరాయం లేకుండా ఒకే బిగిన వినండి. ఈ నమ్మకాన్ని చాలాకాలం పట్టుకున్న బృందాలు కూడా ఉన్నాయి. ఏసీ డీసీ బృందం తమ ఆల్బమ్‌లను పాటలుగా విడగొట్టి అమ్మడానికి ఇష్టపడక, 2012 వరకు ఐట్యూన్స్ అనే ఆన్‌లైన్ పాటల దుకాణంలోకి అడుగుపెట్టలేదు.

మీరు రెగే వింటానన్నారు కాబట్టి, సంకలనం చేసే మేలునూ అది దాచే విషయాన్నీ ఒకేచోట చూపించే ‘లెజెండ్’ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బాబ్ మార్లే 1981 మేలో మరణించాడు. మూడేళ్ల తరువాత, 1984లో, 14 పాటలతో ఆ ఎల్పీ వచ్చింది. రెగే సంగీతంలో ఇంతకన్నా ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ లేదు. అది ఎంతో అందమైన డిస్కు, అందులో తీసివేయదగిన పాట ఒక్కటీ లేదు. దాన్ని కొన్నవారిని నేను ఎన్నడూ తక్కువగా చూడను. అయితే ఆ ఎంపికను శ్రద్ధగా చూడండి. హక్కుల కోసం లేచి నిలబడమనే పాట ఒకటి, విముక్తిని కోరే పాట ఒకటి ఉన్నా, మొత్తం మీద ప్రేమ, ఓదార్పు, సమైక్యత నిండిన పాటలదే పైచేయి. 1979 నాటి ‘సర్వైవల్’ ఆల్బమ్ నుంచి ఒక్క పాట కూడా ఆ ఎల్పీలో లేదు. మార్లే ఆఫ్రికా ఖండపు విముక్తి గురించి అత్యంత సూటిగా పాడింది ఆ ఆల్బమ్‌లోనే. అందులోని ‘జింబాబ్వే’ పాటను 1980 ఏప్రిల్‌లో ఆ దేశపు స్వాతంత్ర్య ఉత్సవాల వేదికమీద ఆయన స్వయంగా పాడాడు. ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ 1963లో ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగాన్ని పాటగా మలిచిన ‘వార్’ 1976 నాటి ఆల్బమ్‌లో ఉంది. అదీ ఇక్కడ లేదు. మార్లే పాడిన వెయిలర్స్ బృందం అరవైలలో చేసిన తొలి రికార్డుల జాడ అసలే లేదు. ఫలితంగా ‘లెజెండ్’ ఒక్కటే విన్న మనిషికి మార్లే అంటే చిరునవ్వు చిందించే శాంతమూర్తిగా మాత్రమే మనసులో నిలుస్తాడు. ఆ ముఖం అబద్ధం కాదు గాని, ఒకే వైపునుంచి తీసిన ఫొటో లాంటిది. అందుచేత మార్లే విషయంలో నా సలహా స్పష్టం: ‘లెజెండ్’ను నిస్సంకోచంగా కొనండి, ఆ తరువాతి నెలలోనే ‘సర్వైవల్’ కొనండి. ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఆ మనిషి చాలావరకు అర్థమవుతాడు.

ఎంపిక గురించి ఇంకొక మాట. ‘హిట్’ అన్నది ఆ వారం అమ్మకాల లెక్క, పాట విలువను తూచే తక్కెడ కాదు. బీటిల్స్ ‘1’ అనే సంకలనం 2000లో వచ్చింది. బ్రిటన్‌లోగానీ అమెరికాలోగానీ మొదటి స్థానానికి చేరిన 27 పాటలను అందులో చేర్చారు. 1967లో ఒకే చిన్న రికార్డుకు రెండు వైపులా వచ్చిన రెండు పాటలలో ‘పెన్నీ లేన్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరినందువల్ల ఇందులో ఉంది; దాని జంట అయిన ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ లేదు. బీటిల్స్ సంగీతం దిశను మార్చిన పాటల్లో అది ఒకటని చెప్పేవారిలో నేనూ ఉన్నాను, అయినా ఆ నియమం ముందు దానికి చోటు దొరకలేదు. సంకలనం వెలువడిన తేదీ కూడా చూసుకోవాలి. ఈగిల్స్ బృందం 1971–1975 నాటి హిట్ల సంకలనం 1976 ఫిబ్రవరిలో వచ్చింది. వారి అత్యంత ప్రసిద్ధమైన ‘హోటల్ కాలిఫోర్నియా’ అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. ఆ పాట కోసం ఈ సంకలనం కొని నిరాశపడినవారిని నేను ఎరుగుదును. హక్కుల సమస్య మరొకటి. రోలింగ్ స్టోన్స్ తొలినాటి పాటల హక్కులు ఒక కంపెనీ వద్ద, తరువాతి పాటలవి వేరొకచోట ఉండిపోవడం వల్ల, రెండు కాలాలనూ కలిపిన సంకలనం రావడానికి 2002 దాకా, అంటే ‘ఫార్టీ లిక్స్’ దాకా ఆగవలసి వచ్చింది. కాబట్టి పేరు మీద ‘సంపూర్ణం’, ‘సర్వోత్తమం’ వంటి మాటలు ఉన్నా, వెనక ఉన్న జాబితానూ సంవత్సరాలనూ చదవకుండా ఏ సంకలనమూ కొనవద్దు.

జాబితాలో పాట పేరు కనబడినంత మాత్రాన మీరు విన్న పాటే అందులో ఉంటుందన్న హామీ కూడా లేదు. ఈ సంగతి నేను అనుభవం మీద నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక సోల్ గాయకుడి హిట్ల సంకలనం ఎంతో ఆశగా కొని ఇంటికి తెచ్చుకున్నాను. గొంతు ఆయనదే, పాటలు అవే, కానీ ఆ గొంతులో వయసు వినిపించింది. వెనక డ్రమ్ముల బదులు యంత్రం లయ వేస్తోంది. అట్టను తిప్పి చూస్తే, మూల కళాకారుడు మళ్లీ పాడిన రికార్డింగులని చీమ తలంత అక్షరాల్లో ఉంది. పాత రికార్డింగుల హక్కులు తమ చేతిలో లేని గాయకులు వేరొక కంపెనీకి అవే పాటలు మళ్లీ పాడి ఇవ్వడం ఎప్పటినుంచో జరుగుతున్నదే. అందులో గాయకుడి తప్పు ఏమీ లేదు. ఆయనకు ఆ పాటల మీద బతుకుతెరువు ఉండాలి. కానీ మీరు ప్రేమించింది ఆ నాటి గదిలో, ఆ నాటి వాద్యకారుల మధ్య పుట్టిన శబ్దాన్ని కాబట్టి, ‘మళ్లీ రికార్డు చేసినవి’ అన్న మాట కోసం అట్టంతా వెతకండి. పాటలు మొదట వచ్చిన సంవత్సరాలు విడివిడిగా ముద్రించి ఉంటే అది మంచి సంకలనానికి గుర్తు. ఏ వివరమూ లేకుండా బొమ్మా పేర్లూ మాత్రమే ఉంటే అనుమానించండి.

కళాకారుడి ఇష్టంతోనే పాటలు మారిన సంకలనాలూ ఉన్నాయి. మడోనా 1990లో తెచ్చిన ‘ది ఇమాక్యులేట్ కలెక్షన్’ను చాలామంది ఉత్తమ సంకలనాల్లో ఒకటిగా లెక్కిస్తారు, అది న్యాయమే. అయితే అందులోని పాత పాటల్లో చాలావాటిని క్యూసౌండ్ అనే పద్ధతిలో కొత్తగా మిక్స్ చేశారు, కొన్నిటిని కుదించారు. మొదటి రూపాలే కావాలనుకునేవారు ఆమె ఎనభైల నాటి ఆల్బమ్‌లనే ఆశ్రయించాలి. పాత ఎల్పీలు కొనే అలవాటు మీకు ఉంటే, అరవైలలో మోనో (ఒకే ధ్వనిమార్గం ఉన్న) రికార్డింగులను యంత్రాలతో కృత్రిమంగా స్టీరియోగా (రెండు మార్గాలుగా) మార్చి అమ్మిన ముద్రణలకు దూరంగా ఉండండి. ఒకే ఎల్పీ మీద ఇరవై పాటలు కుక్కినవాటికీ దూరంగా ఉండండి. ఒక వైపున పట్టవలసిన నిమిషాలు పెరిగేకొద్దీ రికార్డు మీది గాడులు ఇరుకై, శబ్దం స్థాయీ, కింది స్వరాల బలమూ తగ్గిపోతాయి. సీడీకి ఆ ఇబ్బంది లేదు. దాదాపు 80 నిమిషాల వరకు నాణ్యత తగ్గకుండా పడుతుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనవి కళాకారుడు తానే కూర్చుని ఏరిన సంకలనాలు. నీల్ యంగ్ 1977లో మూడు ఎల్పీలుగా తెచ్చిన ‘డెకేడ్’లో 35 పాటలున్నాయి. వాటిలో అంతకుముందు ఎక్కడా రానివి కొన్ని. పాటల గురించిన వ్యాఖ్యలను ఆయన తన చేతిరాతతోనే రాసి ఇచ్చాడు. పదేళ్ల తన పనిని తానే తిరిగి చదువుకుంటున్న మనిషి మనసు అందులో కనబడుతుంది. అలాంటిది దొరికితే, అందులోని పాటలు సగం ఇప్పటికే మీ దగ్గర ఉన్నా కొనండి.

మీ మిత్రుడి మాటకు వస్తాను. సంకలనం తెలియనివారి కోసం తయారైందన్న మాట నిజమే, దానిలో చిన్నతనం ఏముందో నాకు అర్థం కాదు. మనలో ఎవరమూ తెలిసి పుట్టలేదు. ఆబ్బా బృందం 1982 తరువాత కొత్త పాటలు ఆపేసి పదేళ్లు గడిచాక, 1992లో 19 పాటలతో వచ్చిన ‘ఆబ్బా గోల్డ్’ ద్వారానే, ఆ బృందం పాడిన రోజులు ఎరుగని తరం వారి పాటలకు దగ్గరైంది. బ్రిటన్‌లో ఈ రోజుకూ అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్ క్వీన్ బృందం 1981లో తెచ్చిన ‘గ్రేటెస్ట్ హిట్స్’. అమెరికాలో రికార్డింగ్ పరిశ్రమ సంఘం 2018లో వేసిన లెక్కలో, పైన చెప్పిన ఈగిల్స్ సంకలనం 3 కోట్ల 80 లక్షల యూనిట్లతో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను దాటింది. అంతమందినీ అభిమానుల పట్టికలోంచి కొట్టివేసే అధికారం ఎవరికీ లేదు. అయితే మీ మిత్రుడి కోపం వెనక ఒక ప్రేమ ఉందని కూడా నాకు అనిపిస్తోంది. సంకలనంతోనే ఆగిపోతే మీకు అందకుండా పోయే పాటలు ఆయన విన్నాడు, అవి మీకూ వినిపించాలని ఆరాటపడుతున్నాడు. ఆయనతో వాదించడం మాని, ఆ కళాకారుడివి హిట్ కాని మూడు పాటలు చెప్పమని అడగండి. మీకు దారి చూపడానికి ఆయనకన్నా తగినవారు ఉండరు.

నెలకు ఒక డిస్కు అన్నారు. అది చిన్న సంఖ్య ఏమీ కాదు, ఏడాదికి పన్నెండు. సింగిళ్ల కాలపు కళాకారులకు సంకలనం ఒక్కటి చాలు. వారి విషయంలో అక్కడితో ఆగినా లోటు లేదు. ఆల్బమ్‌ల కాలపు కళాకారుల విషయంలో, మీకు ఏ రెండు మూడు పాటలు బాగా నచ్చాయో గుర్తించి, అవి ఏ ఆల్బమ్‌లోవో ఫోనులోనే చూసుకోండి. మూడూ ఒకే ఆల్బమ్‌లోవి అయితే సంకలనం మానేసి ఆ ఆల్బమ్ కొనండి. మూడూ మూడు ఆల్బమ్‌లలో చెల్లాచెదురుగా ఉంటే సంకలనంతో మొదలుపెట్టండి. హిట్ పాటలను వరుసగా ఫోనులోనే వినవచ్చు కదా, ఇక సంకలనం ఎందుకని కొందరు అడుగుతారు. వినడానికి మాత్రమే అయితే అక్కరలేదు. కానీ ఆ వరుస ఎవరు పేర్చారో, ఏ రికార్డింగు ఎక్కడ, ఎవరి వాద్యసహకారంతో జరిగిందో చెప్పే చిన్న పుస్తకం మంచి సంకలనంతో పాటే వస్తుంది, దానికోసమే నేను ఇప్పటికీ కొంటాను.

ఇక మీ చివరి సందేహం. రెండు కొత్త పాటలు చేర్చడం ఆల్బమ్‌లన్నీ ముందే కొన్న అభిమానులను ఆకర్షించడానికి కంపెనీలు చాలాకాలంగా వాడుతున్న ఉపాయం. దానిలోంచి కొన్నిసార్లు మంచి పాటలు పుట్టాయి: టామ్ పెటీ 1993 నాటి ‘గ్రేటెస్ట్ హిట్స్’ కోసం కొత్తగా ఇచ్చిన ‘మేరీ జేన్స్ లాస్ట్ డాన్స్’ ఆయన ఉత్తమమైన పాటల్లో చేరింది. కానీ మీ దగ్గర మూడు ఆల్బమ్‌లు ఉన్నాయి కాబట్టి, సంకలనంలోని పాటల్లో ఎన్ని ఆ మూడింటిలో ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. సగానికి మించి ఉంటే ఆ రెండు కొత్త పాటలను మాత్రం విడిగా కొనుక్కుని, ఆ నెల డిస్కును ఆ బృందానిదే మీ దగ్గర లేని నాలుగో ఆల్బమ్‌కు కేటాయించండి. సగానికన్నా తక్కువ ఉంటే సంకలనమే కొనండి, ఎందుకంటే మీకు ఇంకా తెలియని వారి ఆల్బమ్‌లకు అది మంచి పరిచయం అవుతుంది. మీరు తిరిగి పెట్టేసి వచ్చిన ఆ మొదటి డిస్కు ఎవరిదో ఈసారి తప్పక రాయండి.